దూడలెక్కిన బస్సు

బస్సు మనుషుల కోసం వచ్చింది. పొద్దున్న పదింటికి, కుండపోతగా వాన కురుస్తుంటే, హెడ్‌లైట్లు వేసుకుని వచ్చి నల్లగెడ్డ వాగు వంతెన మీద ఆగింది. దాని ముందు జీపు. జీపులోంచి శివరామకృష్ణ దిగాడు. వరద డ్యూటీ మీద రెవెన్యూ ఆఫీసు పంపిన మనిషి. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి మైకు పట్టుకున్నాడు.

“పైన రిజర్వాయరు నిండిపోయింది. మధ్యాహ్నం రెండింటికి గేట్లు ఎత్తుతున్నారు. అందరూ బస్సెక్కండి. ఆధార్ కార్డు, మందులు, రెండు జతల బట్టలు తెచ్చుకోండి చాలు. హైస్కూల్లో భోజనాలు పెడతారు. జంతువులకి అనుమతి లేదు.”

గెడ్డ ఒడ్డున పద్నాలుగు ఇళ్ళు. ఇళ్ళకి రెండింతల పశువుల సాలలు. యాభై రెండు గేదెలు, ముప్పై ఒక్క దూడలు. కూర్మన్నపాలెం క్వార్టర్స్‌లో పొద్దుటే టీ తాగే చాలామందికి పాలు ఇక్కడి నుంచే వెళ్తాయి. ఆ పాలు ఎక్కడివని వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. వీళ్ళూ చెప్పలేదు.

కాసులమ్మ సాలలోంచి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. మోచేతుల దాకా పేడ. తొమ్మిది గేదెలు ఆమెవి. ఆ తొమ్మిదీ పోతే ఆ ఇంట్లో ఇంకేమీ మిగలదు.

“జంతువులంటే ఏటి బాబూ?”

“గేదెలమ్మా. మేకలు, కోళ్ళు. ఏవైనా సరే.”

“మరి మా గేదిలేటవ్వాలి?”

“కట్లు విప్పేయండి. వాటికి ఈత వచ్చు కదా.”

కాసులమ్మ అతని మొహంలోకి చూసింది. “ఈతొచ్చిన గేదిలే పోయినేడు పదకొండు సచ్చిపోనాయి. నీకెవులూ సెప్పనేదా?”

అతనికి ఎవరూ చెప్పలేదు. అతను ఈ సీటులోకి వచ్చి నాలుగు నెలలు. చెప్పాల్సిన కాగితం ఏ బీరువాలోనో ఉండి ఉంటుంది.

పోయినేడు జరిగింది ఇది. నీళ్ళు పొద్దున్నే వచ్చాయి, ఎవరూ చెప్పకుండా వచ్చాయి. కాసులమ్మ మొగుడు ఎల్లారావు ముందు గేదెల పలుపులు కోసేశాడు. తర్వాత దూడల్ని ఒక్కొక్కటిగా భుజానేసుకుని తన ఇంటి శ్లాబు మీదకి చేర్చాడు. గెడ్డ ఒడ్డున శ్లాబున్న ఇల్లు అదొక్కటే. పక్కవాళ్ళూ తమ దూడల్ని తెచ్చి అక్కడే పెట్టారు. పెద్దవి ఈదుకుంటాయి, చిన్నవి ఈదలేవు, కాబట్టి చిన్నవాటిని కాపాడాలి. పశువుని పెంచినవాడు ఎవడైనా అలాగే అనుకుంటాడు. గేదెలు ఈదుకుంటూ అవతల గట్టు దాకా వెళ్ళాయి కూడా. అప్పుడు శ్లాబు మీద దూడలు అరిచాయి. గట్టెక్కబోయిన తల్లులు వెనక్కి తిరిగాయి. వచ్చి ఇంటి చుట్టూ నిలబడ్డాయి. మెడలు పైకెత్తి నీళ్ళలో నిలబడ్డాయి. ఎంత అదిలించినా కదల్లేదు. నీళ్ళు పెరిగాయి, వడి పెరిగింది, ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుపోయాయి. దూడలన్నీ బతికాయి. పదకొండు తల్లులు పోయాయి. ఎల్లారావు ఆ రోజు నుంచి ఆ శ్లాబు ఎక్కలేదు.

ఇది దేవుడు పంపిన వరద అని ఎవరైనా అంటే నమ్మకండి. ముప్పై ఏళ్ళుగా రిజర్వాయరు గేట్లు ఎత్తుతూనే ఉన్నారు. నీళ్ళు అవతలి ఒడ్డున పల్లపు బాడవలోకి పరుచుకుని పోయేవి. సాలల్లోకి ఎప్పుడూ రాలేదు. ఆ బాడవలో ఆరడుగుల ఎత్తున గ్రావెల్ పోసి, ప్లాట్లు వేసి, చుట్టూ గోడ కట్టి, ముందు ఆర్చి పెట్టి వెంచర్ అన్నారు. గెడ్డకి ఆ పక్క దారి లేకుండా పోయింది, ఈ పక్కకి తిరిగింది. గోడ లేచిన మూడేళ్ళలో మూడుసార్లు సాలలు మునిగాయి. అర్జీలు పెట్టారు. మీకు పట్టాలు లేవు కాబట్టి మీరు అక్కడ ఉన్నట్టు రికార్డులో లేదన్నారు. రికార్డులో లేనివాళ్ళ పాలు మాత్రం అందరికీ కావాలి.

“మనిషి ప్రాణం ముఖ్యమమ్మా,” అన్నాడు శివరామకృష్ణ. నిజానికి అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళు వానలో ఇక్కడి దాకా రారు. వాళ్ళు ఫోన్లు చేస్తారు.

“ఆ ప్రాణం దేని మీద నడుత్తన్నాదో తెలుసా నీకు? ఇంత ముద్ద పెట్టి, ఇస్కూల్లో పడుకోబెట్టి, ఎల్లుండి పొమ్మంటావు. వట్టి సాలకొచ్చి నానేటి సెయ్యాలి? గుంజలకి నీల్లు పట్టాలా?”

“గేదెల్ని స్కూల్లోకి రానివ్వరమ్మా. నేనేం చెయ్యను?”

“నువ్వేటీ సెయ్యొద్దు. అడ్డు రాకు, సాలు.”

అతను గడియారం చూసుకున్నాడు. కింద ఇంకో కాలనీ ఉంది, అక్కడా చెప్పాలి. “అరగంటలో అందరూ ఎక్కి ఉండాలి. గవర్రాజూ, నువ్వు బస్సు కదపకు,” అని డ్రైవరుకి చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు.

జీపు వెళ్ళిన కాసేపటికి ఎల్లారావు వచ్చాడు. కూర్మన్నపాలెంలో పాలు పోసి, ఖాళీ క్యాన్లు మోపెడ్‌కి కట్టుకుని, నిలువునా తడిసి వచ్చాడు. జరిగింది విన్నాడు. సాలల్ని చూశాడు, గెడ్డని చూశాడు. తర్వాత చాలాసేపు బస్సునే చూస్తూ నిలబడ్డాడు.

“ఏటయ్యో అలగ సూత్తన్నావు? బస్సెప్పుడూ సూణ్ణేదా?” అంది కాసులమ్మ.

“కాసులూ, దూడల్ని బస్సెక్కించు.”

కాసులమ్మ తమ్ముడు తవిటయ్య అక్కడే ఉన్నాడు. పోయినేడు పోయిన పదకొండింటిలో మూడు అతనివి. అతనికి చర్రున కోపం వచ్చింది.

“మల్లీ దూడలేనా బావా! పోయినేడు మేడెక్కించి నా మూడు గేదిల్ని మింగేసినావు. ఈయేడు బస్సెక్కిత్తావా? వచ్చేయేడు ఇమానమెక్కిద్దువు గానీ.”

ఎల్లారావు తలెత్తలేదు. “మేడ కదల్లేదురా. అదే నా తప్పు. తల్లి దూడ ఎక్కడుంటే అక్కడికే వత్తాది. మేడ నీల్ల మజ్జిన ఉంది, అందుకే సచ్చిపోనాయి. బస్సు కదుల్తాది. బస్సెటెల్తే తల్లులటే వత్తాయి.”

వాన రేకుల మీద బాదుతోంది. కాసులమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఏడాదిగా అతను ఒక్కసారీ ఇంత పొడుగు మాట మాట్లాడలేదు.

“తాడేసి లాగితే రావా?” అన్నాడు తవిటయ్య, గొంతు కొంచెం తగ్గించి.

“యాభై రెండు గేదిలు. లాగడానికి మనం ఇరవై మందిమి. వానొత్తే గేది గెడ్డలోకే పోతాది గానీ తారు రోడ్డెక్కుతాదేటిరా?”

కాసులమ్మ బస్సు దగ్గరికి నడిచింది. డ్రైవరు గవర్రాజు కిటికీలోంచి అంతా వింటూనే ఉన్నాడు. గోదావరి వైపు మనిషి. ఇరవై ఏళ్ళ కిందట పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు.

“బాబూ, తలుపు తియ్యి.”

“ఆయ్, మీరు ఎక్కండమ్మా. దూడలంటే కుదరదండి. నా ఉద్యోగం పోద్దండి.”

“సంటిపిల్లలకి టికెట్టడగరు కదా? ఇయ్యీ సంటిపిల్లలే. తల్లులు నడిసొత్తాయి.”

గవర్రాజుకి నవ్వు వచ్చింది. వెంటనే ఆపేసుకున్నాడు. స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు.

“మాది లంకండి. వరదొస్తే మా నాన్న ముందు దూడల్నే పడవెక్కించేవోడు. తల్లులు ఎనకాల ఈదుకుంటా వచ్చేసేవి. నేను పడవలో కూచుని ఆటిని చూసేవోణ్ణి.” తలుపు బటన్ నొక్కాడు. “ఎక్కించండి. పేడ మట్టుకు మీరే కడగాలండోయ్.”

ముప్పై ఒక్క దూడలు బస్సెక్కాయి. సీట్ల మీద ముసలివాళ్ళు, సీట్ల మధ్య దూడలు. వారం రోజుల పెయ్యదూడని ఒకావిడ ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పింది. గవర్రాజు హారను కొట్టి కదిలించాడు. దూడలు బెదిరి అరిచాయి. ఒక్కసారిగా ముప్పై ఒక్క గొంతులు.

సాలల్లో కట్లు విప్పిన గేదెలు తలలెత్తాయి. ముందు కదిలింది కాసులమ్మ పెద్ద గేదె సిలకమ్మ. గట్టెక్కింది, తారు రోడ్డు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగింది, బస్సు వెనకాల పరుగెత్తింది. దాని వెనక తక్కినవి. దూడల్లేని గేదెలు కూడా మంద కదిలేసరికి మందతో కదిలాయి. వంతెన మీద నల్లటి వీపులు వాన నీళ్ళు కారుస్తూ సాగిపోయాయి. గవర్రాజు మనిషి నడిచేంత నెమ్మదిగా నడిపాడు. తల్లులు కిటికీల దగ్గరికి మూతులు చాపుతూ వచ్చాయి.

ఒక్కటి రాలేదు. తవిటయ్య సూడి గేదె. ఇంకా ఈనలేదు, దానికి పిలిచే దూడ లేదు. మంద ఇటు వస్తే అది అటు గెడ్డలోకి దిగి మెడ దాకా మునిగి కూర్చుంది. తవిటయ్య తాడు వేశాడు, తాడు తెంపుకుంది. తోక మెలిపెట్టాడు, తిట్టాడు, బతిమాలాడు. చివరికి కాసులమ్మ వెనక్కి వచ్చి తమ్ముడి చొక్కా పట్టుకుంది.

“ఒగ్గేయ్ రా. బేగి రా.”

“ఈ నెల్లోనే ఈనుతాదప్పా.”

“నాకు తెల్దా? ఇద్దరూ పోతారేటి, రా!”

ఈడ్చుకెళ్ళింది. అతను వెనక్కి చూస్తూనే నడిచాడు.

రోడ్డు గెడ్డ అవతలికి తిరిగి, వెంచర్ గోడ పక్క నుంచి హైవే వైపు వెళ్తుంది. ఆర్చి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా జీపు వచ్చి అడ్డంగా ఆగింది. శివరామకృష్ణ దిగి, బస్సు కిటికీల్లో దూడల తలలు చూసి, డ్రైవరు దగ్గరికి వచ్చాడు.

“ఏంటిది గవర్రాజూ?”

“అందరూ ఎక్కేరండి,” అన్నాడు గవర్రాజు.

“హైవే మీదకి వీటిని రానివ్వరు. పోలీసులున్నారు. స్కూలు గేటు దాటనివ్వరు. ఎక్కడికి తీసుకెళ్తావమ్మా వీటిని?”

కాసులమ్మ చెయ్యి చాపి ఆర్చి చూపించింది. దాని వెనక ఆరడుగుల మెరక. ఒక్క ఇల్లు లేదు. తెల్ల రంగు పూసిన రాళ్ళు, వాటి మీద నంబర్లు. “అదిగో. మా నీల్లు ఆపీసిన మెరక. అక్కడికే.”

“అది ప్రైవేటు ప్రాపర్టీ.”

“గెడ్డ ఎవులి ప్రాపర్టీ బాబూ? దాన్ని పూడిసినప్పుడు ఈ జీపెక్కడుంది?”

గేటుకి తాళం. లోపల గొడుగు కింద వాచ్‌మన్ త్రినాథరావు. అతనూ ఒకప్పుడు గెడ్డ ఒడ్డువాడే. గేదెలు పోయాక ఈ పనిలో చేరాడు.

“అప్పా, తాళం నా దగ్గర నేదు. మేనేజర్ పట్టుకెల్లిపోనాడు. ఒట్టు!”

“తాళమెవులడిగినారు? గొడుగు పక్కన పెట్టి ఇదందుకో.”

కాసులమ్మ బస్సులోంచి దించిన దూడని ఎత్తి గేటు మీదుగా చాపింది. పశువుల ఇంట పుట్టినవాడికి దూడని అందిస్తే ఆలోచన కన్నా ముందు చేతులు వస్తాయి. త్రినాథరావు అందుకున్నాడు. అందుకున్నాక తెలిసింది ఏం చేశాడో. అప్పటికి ఎల్లారావు రెండోదాన్ని అందిస్తున్నాడు. “ఓలమ్మో, నా ఉద్యోగం తీసీత్తారప్పా!” అంటూనే అతను మూడోదాన్నీ నాలుగోదాన్నీ అందుకున్నాడు. బస్సులోంచి దూడలు చేతి మీద చేతిగా వచ్చాయి. పావుగంటలో ముప్పై ఒక్క దూడలూ గోడకి అవతల, మెరక మీద. అరుస్తున్నాయి. తల్లులు ఇవతల.

సిలకమ్మ గేటుకి తల ఆనించింది. దాని వెనక యాభై గేదెలు ఆనుకున్నాయి. ఆ గేటు కార్లని ఆపడానికి పెట్టింది, తల్లుల్ని ఆపడానికి కాదు. ఒక పక్క బందు ఊడింది. రెండో పక్క స్తంభమే కదిలింది. గేటు వెల్లకిలా పడింది. గేదెలు దాని మీద నుంచి డబడబా తొక్కుకుంటూ మెరకెక్కి, ఎవరి దూడని అవి వాసన చూసుకుని నాకడం మొదలుపెట్టాయి.

“గేటు విరగ్గొట్టారు! ఇది కేసవుతుంది!” శివరామకృష్ణ పడిన గేటు దగ్గరికి పరుగెత్తాడు.

“మేం ముట్టుకోనేదు. నువ్వే సూసినావు కదా, గేదిలు ఇరగ్గొట్టాయి. రాసుకో, పేర్లు సెప్తాను. ముందుది సిలకమ్మ. దాని పక్కది నల్లపూస. మొగుడి పేరు కావాలంటే మాత్రం నానెరగను, ఇంజెక్షన్ కడుపులు.”

జనం గొల్లున నవ్వారు. గవర్రాజు స్టీరింగు మీద తల వాల్చి నవ్వాడు. శివరామకృష్ణ నోట్‌బుక్కు తీశాడు గానీ వానలో పేజీలు తడిసిపోయాయి. తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

చెప్పినట్టే రెండింటికి గేట్లెత్తారు. మూడింటికల్లా నీళ్ళు వచ్చాయి. మెరక మీద నిలబడి అందరూ చూశారు. ముందు గడ్డివాములు లేచి తేలాయి. తర్వాత సాలల కప్పులు. ఎల్లారావు శ్లాబు ఒక్కటే బల్లలా మిగిలింది. తవిటయ్య గోడెక్కి గెడ్డ వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నల్లగా ఏదో ఒకటి సుడిలో తిరుగుతూ వంతెన కిందికి పోయింది. దుంగో, మరోటో. అతను గోడ దిగలేదు.

నాలుగింటికి పాలు పితికే వేళ. వాన ఉందని పొదుగు ఆగదు. దూడల్ని వదిలారు, చేపు వచ్చాక పక్కకి లాగి, నిలబడ్డ చోటే పితికారు. ఎల్లారావు మోపెడ్ మీది క్యాన్లు నిండుతుండగా శివరామకృష్ణ మళ్ళీ వచ్చాడు. ఈసారి మైకు లేదు. హైస్కూల్లో చిన్నపిల్లలు చాలామంది ఉన్నారు, పాల ప్యాకెట్ల బండి రాలేదు, అది వచ్చే రోడ్డు తెగిపోయింది అన్నాడు. ఆ తర్వాత క్యాన్ల వంక చూశాడు.

“జంతువులకి అనుమతి నేదన్నావు. జంతువుల పాలకుందేటి?” అంది కాసులమ్మ.

అతను తల దించుకున్నాడు. ఆమె రెండు క్యాన్లు ఆర్చి దగ్గర ఆగి ఉన్న బస్సెక్కించింది. “పిల్లలకి. నీ టీకి సుక్క పొయ్యను, సెప్తన్నాను.”

మూడో రోజుకి వాన తెరిపిచ్చింది, నీళ్ళు తీశాయి. శివరామకృష్ణ కాగితం పట్టుకుని వచ్చాడు. పక్కన వెంచర్ మేనేజరు, తెల్ల చొక్కా, బురద అంటకుండా రాళ్ళ మీద కాళ్ళు వేసుకుంటూ వచ్చాడు. కాగితంలో ఉన్నది శివరామకృష్ణ చదివాడు. మేము పొరపాటున ఇక్కడ ప్రవేశించాము. రేపు సాయంత్రానికి ఖాళీ చేస్తాము. కింద సంతకాలు.

“పొరపాటున కాదు. కావాలనే వచ్చినాం. ముందది కొట్టీయ్,” అంది కాసులమ్మ. “కాళీ సేసి ఎక్కడికెల్లాలి?”

“మీ ఇళ్ళకే.”

“సాలలు నేవు. గడ్డి నేదు. మల్లీ గేట్లెత్తితే?”

“మళ్ళీ బస్సు పంపుతాం.”

“మనుసులకా?”

అతను కాగితం మడిచాడు.

“అయితే ఇను. గోడ కొట్టీసి గెడ్డ దారి గెడ్డకియ్యండి. నేదా, మెరక మీద మా సాలలకి జాగా సూపించండి. రెండిట్లో ఏదో ఒకటి కాయితం మీద రాసి కింద నువ్వు సంతకం పెట్టు. దాని కింద నాను పెడతాను.”

“అంత అధికారం నాకు లేదమ్మా.”

“ఇయ్యడానికి నేదు, పొమ్మనడానికుందా?”

మేనేజరు ఫోన్ తీశాడు. “సార్, వీళ్ళతో మాటలేంటి? పోలీసుల్ని పిలుస్తాను. ఎల్లుండి కస్టమర్లు సైట్ చూడ్డానికొస్తున్నారు.”

“రమ్మనండి,” అన్నాడు ఎల్లారావు. “ఎక్కడిదాకా మునుగుతాదో ఆల్లకీ సూపిత్తాం.”

తవిటయ్య గోడ దిగాడు. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి. నేరుగా మేనేజరు దగ్గరికి వస్తుంటే అందరూ పక్కకి తప్పుకున్నారు. మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు, ఒక కాలు బురదలో దిగింది. తవిటయ్య అతన్ని చూడనైనా చూడలేదు. పక్క నుంచి వెళ్ళి, వరద మెరక వారకి తెచ్చి పడేసిన సర్వీ గుంజ ఒకటి ఏరుకున్నాడు. నంబరు రాయి పక్కన నిలబెట్టాడు. అతనికి మిగిలిన రెండు గేదెలూ అక్కడే నెమరేస్తున్నాయి.

“బావా, గునపం పట్రా.”

ఎల్లారావు గునపం తెచ్చాడు. గ్రావెల్ గట్టిగా ఉంది, మొదటి పోటుకి నిప్పులు రేగాయి. రెండో పోటు, మూడో పోటు. అవతల త్రినాథరావు గొడుగు మూసి, ఇంకో గుంజ భుజాన వేసుకుని వస్తున్నాడు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ గుంజలు ఏరుతున్నారు.

“ఆపండి! ఏం చేస్తున్నారు?” మేనేజరు అరిచాడు.

ఎల్లారావు గుంతలోకి చెయ్యి పెట్టి చూశాడు. జాన లోతు వచ్చింది.

“సాలేటిరా?”

తవిటయ్య కాసులమ్మ వంక చూశాడు.

“సాలదు. ఇంకా దించు,” అంది కాసులమ్మ.